ఉత్తుత్తి లాండ్రీలో సిరిల్ సూటు

ముందే చెబుతున్నాను, నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. అక్షరాలు నాకు డెబ్బై దాటాక వచ్చాయి. ఒక్కో మాట రాసి, దాన్ని నోటితో పలికి చూసుకుని, అప్పుడు పక్క మాటకు వెళ్తాను. ఈ కాగితాలు మొదలుపెట్టినప్పుడు కిటికీలు తెరిచి ఉండేవి, ఇప్పుడు కాళ్ల దగ్గర హీటరు పెట్టుకుని కూర్చున్నాను. కాస్త ఓపిక పట్టండి.

ఇదంతా రాయడానికి కారణం టీవీ. పాత సీరియళ్లు మాత్రమే వేసే ఛానెల్ ఒకటుంది. అందులో మధ్యాహ్నం పూట ఆ ఆడ డిటెక్టివ్‌ల సీరియల్ మళ్లీ వేస్తున్నారు. ముగ్గురు ఆడవాళ్లు పైకి డ్రైక్లీనింగ్ కొట్టు నడుపుతూ, చాటుగా పోలీసు పని చేసే కథ. దానికి పెద్ద పేరేదో ఉంది గాని, అప్పటి మా ఊరు చాథమ్‌లో మేమంతా ‘లాండ్రీ’ అనే అనేవాళ్లం. మొన్న వసంతంలో ఇక్కడ వృద్ధాశ్రమం హాల్లో అందరం టీ తాగుతూ చూస్తున్నాం. తలకు స్కార్ఫు కట్టుకున్న ఒకావిడ కొట్లోకి వచ్చి, కౌంటర్ మీద సూటు పరిచి, మరక గురించి తగువు పెట్టుకుంది.

"ఈవిడ అచ్చం నీలాగే ఉందే. ఆ ముక్కు కూడా," అంది పక్క కుర్చీలో నోరా.

"నేనే."

"ఊరుకో. నువ్వెప్పుడు నటించావ్?"

ఎప్పుడూ నటించలేదు. ఆ రోజు ఆ కొట్లో నటించకుండా ఉన్నది నేనొక్కదాన్నే.

అది ఎనభై ఐదో సంవత్సరం, అక్టోబరు నెల. నా భర్త సిరిల్ ఒక ఆదివారం ఉదయం గుండె ఆగి పోయాడు. నేను టీ తీసుకుని పైకి వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, నిద్రపోతున్నాడనుకుని కప్పు పక్కన పెట్టి కిందికి వచ్చేశాను కూడా. జీవితమంతా చాథమ్ రేవులో ఓడల వడ్రంగిగా పనిచేశాడు. అంతకు ముందు ఏడాదే రేవు మూసేశారు. మాకు పిల్లలు లేరు.

సోమవారం అంత్యక్రియల ఏర్పాట్లు చూసే పిల్చర్ గారు వచ్చి, గురువారానికి చర్చి కుదిర్చారు. "బట్టలు బుధవారం మధ్యాహ్నం పన్నెండింటిలోగా అందించండి మిసెస్ ట్వైమన్. ఒంటిగంటకు నేను ఇంకో ఊరు వెళ్లాలి. సాయంత్రం మా వాళ్లు పెట్టెను మీ ఇంటికి తెస్తారు. బట్టలు కుదరకపోయినా దిగులు పడకండి, మా దగ్గర గౌన్లున్నాయి. శాటిన్‌వి, మెడ దగ్గర కుచ్చులతో. చాలా హుందాగా ఉంటాయి," అన్నారు.

సిరిల్‌కి ఈ లోకంలో అసహ్యమైనది ఏదైనా ఉందంటే ఆ గౌనే. వాళ్ల నాన్న పోయినప్పుడు అదే తొడిగారు. "ముప్ఫై ఏళ్లు ఓడలకు రివెట్లు కొట్టిన మనిషిని బాప్తిజానికి తీసుకెళ్లే పసిబిడ్డలా ముస్తాబు చేశారు. నాకు గనక ఆ కుచ్చులు తొడిగావో, లేచి వస్తాను, ఈనా," అనేవాడు.

"లేచి వస్తే మంచిదేగా," అనేదాన్ని నేను.

"నవ్వకు. నా గోధుమరంగు సూటు. మాటియ్యి."

మాటిచ్చాను. అది మా పెళ్లికి కుట్టించిన సూటు. ఏళ్లు గడిచేకొద్దీ కుట్లు విప్పి నడుము వదులు చేశాను. సుత్తి పని వల్ల సిరిల్ కుడి భుజం కిందికి దిగిపోతే, సూటు కుడి భుజంలో దూది కూరి రెండు భుజాలూ సమానంగా కనబడేట్టు చేశాను. సోమవారం సాయంత్రం బీరువాలోంచి తీసి చూస్తే కాలరు కింద అరచేయంత మరక. రేవు మూసినప్పుడు పెట్టిన వీడ్కోలు విందులో పడిన గ్రేవీ. ఆ రాత్రి తాగి వచ్చి, సూటు అలాగే తగిలించేసినట్టున్నాడు.

మా ఇంట్లో చదవడం సిరిల్ పని, కుట్టడం నా పని. నా చిన్నప్పుడు యుద్ధం. బాంబుల భయానికి పిల్లల్ని రైలెక్కించి ఊరూరూ తిప్పారు, నేను ఏ బడిలోనూ నిలవలేదు. పెళ్లయ్యాక సాయంత్రం పూట సిరిల్ పేపరు పైకి చదివేవాడు, నేను వింటూ కుట్టుకునేదాన్ని. నాకు చదువు రాదని ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

మంగళవారం సూటు చేత్తో పట్టుకుని హైస్ట్రీట్‌కి వెళ్లాను. రేవు పోయాక సగం కొట్లు మూతపడ్డాయి, మేం ఎప్పుడూ ఇచ్చే లాండ్రీ కూడా. కానీ పాత ఊలు కొట్టు ఉన్నచోట కొత్త లాండ్రీ కనిపించింది. అద్దంలో తెల్లచొక్కాలు వేలాడుతున్నాయి, లోపలి నుంచి ఆవిరి వస్తోంది. దేవుడే చూపించాడనుకున్నాను.

వీధి స్తంభాలకు ఏవో అట్టలు కట్టి ఉన్నాయి. ఇక్కడ టీవీ షూటింగ్ జరుగుతోంది, ఇటు నడిస్తే మీరు కూడా కనబడతారు అని వాటి మీద రాసి ఉందట. చదివినవాళ్లలో సిగ్గున్నవాళ్లు అవతలి పక్కకు వెళ్లిపోతున్నారు, సిగ్గులేనివాళ్లు తల దువ్వుకుని ఇటూ అటూ తిరుగుతున్నారు. నేను నేరుగా తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. కెమెరా నాకు ఎక్కడా కనిపించలేదు. అది ఎదురుగా చెప్పుల కొట్టు మేడమీద, తెర వెనక ఉందని తర్వాత తెలిసింది. వీధిలో జనం కెమెరా వైపు చూడకూడదని వాళ్ల పద్ధతి. కొట్టుకు గిరాకీ ఉన్నట్టు కనబడటానికి కొందరు జూనియర్ ఆర్టిస్టుల్ని పిలిపించి, బట్టలు తెచ్చి ఇవ్వమన్నారు. నేనూ వాళ్లలో ఒకదాన్ననుకున్నారు.

కౌంటర్ వెనక గులాబీరంగు కోటు వేసుకున్న పొడుగాటి ఆవిడ నిలబడి ఉంది. ఆవిడే ఆంథియా ఫెల్, ఆ సీరియల్లో పెద్ద డిటెక్టివ్. ఆ సీరియల్ వచ్చే శుక్రవారాలు మా ఇంట్లో సిరిల్ ఫుట్‌బాల్ చూసేవాడు, అందుకని ఆవిడ మొహం నాకు తెలియదు.

"ఏం కావాలమ్మా?" అంది.

"ఈ మరక పోవాలి. గ్రేవీ."

"పోతుంది."

"చూడకుండానే పోతుందంటారేంటి? ఇలా వెలుతురులోకి పట్టుకుని చూడండి."

ఆవిడ బుద్ధిగా వెలుతురులోకి పట్టుకుని చూసింది. "నిజమే, గ్రేవీనే."

"అందులో ఉల్లిపాయ కూడా ఉంది. నేను వెనిగరు పెడదామనుకుని రంగు దిగుతుందేమోనని మానేశాను. మీరు ఏం పెడతారు?"

ఆవిడ వెనక్కి తిరిగి రెండో ఆవిణ్ని అడిగింది, "మనం ఏం పెడతాం?"

"మందు," అంది రెండో ఆవిడ.

"ఏం మందు?" అన్నాను.

"అది రహస్యం."

మూడో ఆవిడ ఇస్త్రీ బల్ల వెనక్కి వంగి దగ్గింది. నవ్వు ఆపుకోలేక దగ్గుతోందని అప్పుడు నాకేం తెలుసు? జలుబు చేసిందనుకున్నాను.

"రేపు పదకొండింటికల్లా కావాలి. వేసుకునే ఆయన అంతకంటే ఆగడు."

"మగవాళ్లంతా అంతే," అని నవ్వింది ఆంథియా. "ఎక్కడికి వెళ్లాలట అంత తొందరగా?"

"చర్చికి," అన్నాను. ఆవిడ గులాబీరంగు చీటీ చింపి ఇచ్చింది. నేను దాన్ని జాగ్రత్తగా చేతిసంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

మర్నాడు పదకొండుకు వెళ్తే కొట్టు లేదు. చొక్కాలు లేవు, బోర్డు లేదు, తలుపుకు ఉన్న ఇత్తడి పిడి కూడా లేదు. అద్దంలోంచి చూస్తే దుమ్ము, ఒక విరిగిన కుర్చీ. నేను వీధి తప్పి వచ్చానేమోనని అటూ ఇటూ చూశాను.

పక్కనే చేపల కొట్టు. లెన్ హాగ్‌బెన్ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. "ఏం ఈనా, ఊలు కావాలా? ఊలు కొట్టు ఎత్తేసి ఏడాదైందిగా."

"లాండ్రీ ఏది లెన్?"

"వెళ్లిపోయింది."

"కొట్టెక్కడికి వెళ్తుంది?"

"వ్యానెక్కి వెళ్లింది," అని పొట్ట పట్టుకుని నవ్వాడు. "అది టీవీ వాళ్ల ఉత్తుత్తి కొట్టమ్మా! అన్నీ అట్ట గోడలు. స్తంభానికో బోర్డు కట్టారు, చూళ్లేదూ?"

"చూశాను," అన్నాను. అబద్ధం కాదు, చూడటమైతే చూశాను. చేతిలో చీటీ అతనికి చూపించాను. "సిరిల్ సూటు ఇచ్చాను లెన్. పన్నెండుకు పిల్చర్ గారికి అందకపోతే ఆ గౌను తొడిగేస్తారు."

లెన్ నవ్వు ఆగిపోయింది. చేతులు ఏప్రన్‌కి తుడుచుకున్నాడు. "వాళ్లు రేవు మెట్ల దగ్గరున్నారు. పొద్దున నా బండి కూడా అటు రానివ్వలేదు. నువ్వు పరిగెత్తు. పిల్చర్‌కి నేను ఫోన్ చేసి ఆగమని చెబుతా."

నా వయసు అప్పటికి యాభై దాటింది. అయినా పరిగెత్తాను. మెడ్వే నది ఒడ్డున అడ్డంగా తాడు కట్టి, తాడు దగ్గర ఒక పోలీసు నిలబడి ఉన్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

"బాబూ, లాండ్రీ వాళ్లు నా భర్త సూటు పట్టుకుపోయారు. కేసు రాసుకో."

అతను మొహం ఎర్రగా చేసుకుని మెల్లగా అన్నాడు, "అమ్మా, నేను పోలీసుని కాను. గిల్లింగ్‌హామ్‌లో రొట్టెల బండి తోలుతాను. ఇవాళ్టికి ఈ టోపీ ఇచ్చారు."

"అయితే ఆ రెండో పోలీసు?"

"వాడు మా బావమరిది."

"ఆ అంబులెన్సు?"

"అందులో శాండ్‌విచ్‌లున్నాయి."

"ఇక్కడ నిజం మనిషి ఒక్కడైనా ఉన్నాడా నాయనా?"

అతను చుట్టూ చూసి, నిజాయితీగానే ఆలోచించి, "ఆ పడవవాడు నిజమే అనుకుంటా," అన్నాడు.

సరిగ్గా అప్పుడు చూశాను. చెక్కవంతెన మీద, నాకు వీపు చూపిస్తూ సిరిల్ నడిచి వెళ్తున్నాడు. అదే గోధుమరంగు, నేను వదులు చేసిన అదే నడుము. ఒక్క క్షణం నాకు ఆదివారం జరిగింది ఏదీ జరగలేదు. "సిరిల్!" అని ఎంత గట్టిగా అరిచానంటే పడవ మీద కొంగలు లేచిపోయాయి. ఆ మనిషి తిరిగాడు. మీసాలున్న ఎవరో పరాయి మనిషి. దూది కూరిన కుడి భుజం అతనికి గూనిలా పైకి లేచి ఉంది. అతని వెనక ఆంథియా ఫెల్ రెండు చేతులూ చాచి పరిగెత్తుకొస్తూ, నా కేకకి జానెడు దూరంలో ఆగిపోయింది. గూండాల నాయకుణ్ని నదిలోకి తోసేసే సీను అది.

"ఎవరరిచింది? ఎవరది?" అంటూ సన్నగా, పొడుగ్గా ఉన్న ఒకాయన నా వైపు వచ్చాడు. డైరెక్టరు, పేరు రజ్. నీలిరంగు సూటు, కాళ్లకు మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. "అరె, గ్రేవీ ఆవిడ! నిన్న అదరగొట్టావమ్మా. కానీ ఇవాళ నీకు సీను లేదు."

"నాకు సీను వద్దు. నా సూటు కావాలి." చీటీ చాపాను.

ఆంథియా మా దగ్గరికి వచ్చింది. "మీరు జూనియర్ ఆర్టిస్టు కాదా?"

"నేను ఈనా ట్వైమన్‌ని. ఆ సూటు వేసుకోవాల్సిన మా ఆయన పిల్చర్ గారి దగ్గర పడుకుని ఉన్నాడు. పన్నెండింటికి సూటు అందకపోతే కుచ్చుల గౌను తొడుగుతారు. తొడగనివ్వనని నేను మాటిచ్చాను."

ఆంథియా నా చేతిలోని చీటీ అందుకుని చూసింది.

"చర్చికి అన్నారు," అంది ఆంథియా నెమ్మదిగా. "నేను నవ్వాను."

వెనక నుంచి ఒక లావాటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "దేవుడా, నీళ్లలో మునగడానికని దాని జేబులో ఇసుక సంచీ కూడా పెట్టాను," అంది. ఆవిడ గ్లెనిస్, వాళ్ల బట్టలన్నీ చూసే మనిషి. రాత్రి కొట్టు విప్పేటప్పుడు కొయ్యకు తగిలించి ఉన్న సూటు కనబడితే, తమ సరుకే అనుకుందట. "ఇంత బాగా వాడిన సూటు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? గూండాకి తెగ నప్పిందని మురిసిపోయాను," అంది.

"గూండాకా?" అన్నాను.

"పెద్దమనిషి లాంటి గూండా లెండి," అని సర్దబోయింది.

రజ్ నది వైపు చూశాడు. మెడ్వేలో పోటు తీసిందంటే ఆ వంతెన కింద నీళ్లు పోయి నల్లటి బురద తేలుతుంది. అప్పటికే అంచున బురద కనబడుతోంది. ఇంకాసేపు ఆగితే గూండా నీళ్లలో పడడు, బురదలో కూరుకుపోతాడు. మర్నాడు వాళ్లు లండన్ వెళ్లిపోవాలి. తోసేస్తే ఒక్క నిమిషంలో పని అయిపోతుంది, తర్వాత తడి సూటు నా చేతిలో పెట్టి క్షమించమంటే నేను ఏం చేయగలను? ఆయన అలా అంటాడనే నేను ఎదురు చూశాను.

"విప్పెయ్ డెరెక్," అన్నాడు రజ్ మీసాలాయనతో.

"ఇక్కడా? మరి నేను ఏం వేసుకుని పడను?"

రజ్ తన కోటు విప్పాడు, బూట్లు లాగేశాడు, ప్యాంటు విప్పి డెరెక్ చేతిలో పెట్టాడు. మళ్లీ బూట్లు తొడుక్కుని, అక్టోబరు గాలిలో పొడుగు డ్రాయరుతో నిలబడ్డాడు. ఎవరూ నవ్వడానికి సాహసించలేదు, రొట్టెలబండి పోలీసు తప్ప.

"రంగు వేరండీ," అంది గ్లెనిస్. "గోధుమరంగు సూటుతో నడిచినవాడు నీలం సూటుతో పడతాడు. దేశమంతా చూస్తుంది."

"దేశమంతా ఆంథియా చేతులు చూస్తుంది. కానివ్వండి, నీళ్లు పోతున్నాయి!"

ఆయన అన్నది నిజమే. ఆ భాగం వచ్చినప్పుడు ఒక్క పేపరూ రాయలేదు, మొన్న మా హాల్లో ఎవరూ గమనించలేదు. నేను మాత్రం కాసేపు కళ్లు తుడుచుకున్నాను.

గ్లెనిస్ నన్ను వ్యాన్‌లోకి తీసుకెళ్లింది. డెరెక్ నడుముకు సరిపోవాలని తను వేసిన పచ్చికుట్లు కత్తిరించింది. మరక మీద ఏదో తెల్లపొడి చల్లి, సీసాలోంచి మందు అద్ది, ఆవిరి పట్టింది. నేను పక్కనే నిలబడి చూస్తూనే ఉన్నాను. ఉల్లిపాయతో సహా పోయింది. ఇస్త్రీ చేస్తూ కుడి భుజం తడిమి, "ఈ దూది నువ్వు పెట్టిందేనా?" అంది.

"అవును."

"చక్కగా పెట్టావు," అంది, అంతే. తర్వాతి వేసవిలో వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఆవిడే కబురు పెట్టి నన్ను కుట్టుపనికి తీసుకుంది. ఒంటరిగా గడిపిన మొదటి ఏళ్లలో ఆ వ్యాన్ నాకు ఇల్లయింది.

ఆంథియా సీను ముగించి, జుట్టు చెదిరిపోయి పరిగెత్తుకొచ్చింది. సీరియల్లో డిటెక్టివ్‌లు తిరిగే ఎర్రకారులో నన్ను ఎక్కించింది. సూటు నా ఒళ్లో.

"సైరను లేదా దీనికి?" అన్నాను.

"ఉంది, ఉత్తుత్తిది." కొంచెం దూరం పోయాక అడిగింది, "ఒక్క మాట అడగనా? ఆ బోర్డులు మీరు చూడలేదా?"

ఎందుకు చెప్పానో తెలియదు. పరాయి మనిషి కావడం వల్లనేమో. "చూశాను. నాకు చదవడం రాదు. సిరిల్ చదివేవాడు."

అయ్యో అనలేదు ఆవిడ. గేరు మార్చింది. "అయితే ఇప్పుడు ఇంటికి వచ్చే ఉత్తరాలు ఎవరు చదువుతారు?"

నా మీద జాలిపడకుండా, పనికొచ్చే ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. "చేపల కొట్టు లెన్ భార్య పెగ్ ఉంది. మంచిదే. కానీ అడగాలి."

"ఇవాళే అడగండి."

అడిగాను. పెగ్ బతికున్నన్నాళ్లు నాకు చదివి పెట్టింది. ఆవిడ పోయాక ఈ ఊరొచ్చి, లైబ్రరీలో పెద్దవాళ్ల తరగతిలో చేరి, నా అంతట నేను నేర్చుకున్నాను.

పిల్చర్ గారు గుమ్మంలో గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నారు. పన్నెండు దాటింది. లెన్ ఫోన్ చేయబట్టి ఆగారు. ఎర్రకారునీ, అందులోంచి దిగిన మనిషినీ చూసి ఆయన నోరు తెరుచుకుంది.

"మీరు... శుక్రవారం... మా ఇంట్లో అందరం..."

"అవునండీ. మిస్టర్ ట్వైమన్ బట్టలు తెచ్చాం."

ఆయన గొంతు తగ్గించారు. "ఆయన చావులో ఏమైనా అనుమానం ఉందా?"

"లేదు. ఒక గౌను విషయంలో నేరం జరగబోయింది, ఆపాం," అంది ఆంథియా మొహంలో నవ్వు కనబడనివ్వకుండా. పిల్చర్ గారు సూటును రెండు చేతులతో, పసిబిడ్డను అందుకున్నట్టు అందుకున్నారు.

సాయంత్రం పెట్టె ఇంటికి వచ్చింది. వీధిలో అన్ని ఇళ్ల తెరలూ మూసేశారు, మా వైపు అది మర్యాద. ముందుగదిలో మూత తీసి చూపించారు. రెండు భుజాలూ సమానంగా, కాలరు శుభ్రంగా, సిరిల్ ఎలా ఉండాలనుకున్నాడో అలా ఉన్నాడు. లెన్, పెగ్ వచ్చారు. లెన్ చాలాసేపు చూసి, "మెడ్వేలో పడబోయి తప్పించుకున్నవాడిలా లేడు," అన్నాడు. పెగ్ అతని చెయ్యి మీద కొట్టింది. నాకు ఆదివారం తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది.

గురువారం శ్మశానానికి వెళ్లే దారిలో మలుపు తిరగగానే, రోడ్డు పక్కన వాళ్ల వ్యాన్లన్నీ వరసగా ఆగి ఉన్నాయి. ఆ పొద్దున్నే లండన్ బయలుదేరాల్సినవాళ్లు. అందరూ కిందికి దిగి నిలబడ్డారు, ఆంథియా, గ్లెనిస్, మీసాల డెరెక్, కాస్త పొట్టిగా ఉన్న ఎవరిదో ప్యాంటు వేసుకుని రజ్. రొట్టెలబండి ఆయన కూడా పని మానుకుని వచ్చాడు. సిరిల్ బండి ముందుకు రాగానే టోపీలు తీసి తలలు వంచారు. ఇది కూడా షూటింగేమోనని నేను మేడకిటికీలన్నీ వెతికాను. కెమెరా గుడ్డ కప్పుకుని, వ్యాన్ వెనక సామాన్ల మధ్య ఉంది.

వాళ్లు నాకు ఏమీ కారు. నా కోసం ఒక పోటు నీళ్లు వదులుకోవడానికి సిద్ధపడ్డారు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను, వాళ్లలో మిగిలినవాళ్లెవరైనా చదువుతారని ఇప్పుడు రాస్తున్నాను. మీ అందరికీ నా కృతజ్ఞతలు.

నేను కారు అద్దం దించి చెయ్యి ఊపాను. అంత్యక్రియలకు వెళ్తూ చేతులు ఊపకూడదని పక్కన కూర్చున్న పెగ్ నన్ను గిల్లింది. అయినా మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాను.

ఈనా ట్వైమన్, తొంభై ఏళ్లు, హెర్న్ బే.